ఎడమచేతి కొండలు

పోయిన నెల మామిడికుదురు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆమె తండ్రి స్కూలు మాస్టారు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. బండారులంకలో ఇలాగే మాట పోయి మళ్లీ వచ్చిన మనిషి ఒకడున్నాడని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చింది. ఇచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మా నాన్నగారికి లోపల మాటలు ఉంటాయాండీ, లేకపోతే అవీ పోతాయా?"

నాకు జవాబు తెలుసు. కాని ఇప్పటికీ ఎవరైనా ఎదురుగా కూర్చుని అడిగితే నా నోట మాట తొందరగా రాదు. "ఉంటాయమ్మా" అని మాత్రం అనగలిగాను. మిగిలింది కూడదీసుకునేలోపు ఆమె బస్సుకు టైమైపోయింది. అందుకని ఇది రాస్తున్నాను, ఎడమచేత్తో, రోజుకు ఒక పేజీ. తప్పిపోయిన మాటల్ని మా ఆవిడ మంగతాయారు సరిచేస్తోంది. ఆసుపత్రి కాగితాల్లో ఉండే పేర్లు నాకు పలకవు, అవి రాయను. నాకేం జరిగిందో, ఏమనిపించిందో అదే రాస్తాను. ఇది రోగం గురించే అయినా, ఆరేళ్ల తర్వాత తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువగా కలుగుతుంది.

మాది నేతపని ఇల్లు. మా నాన్న గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. నేను పందొమ్మిదో ఏట మిలిటరీలో చేరాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని రోజంతా ఒకే చోట కూర్చోవడం నా వల్ల కాలేదు, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. సెలక్షన్‌లో పరుగు పూర్తిచేసి నేల మీద పడి ఒగరుస్తుంటే పక్కన పడి ఉన్న కుర్రాడు తెలుగులో "ఏ ఊరండీ మీది?" అన్నాడు. అతనే సూరిబాబు. కొత్తపేట పక్కన పల్లె. వాళ్ల నాన్న వీర్రాజుగారు కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసి బతికే మనిషి. ఆ రోజు నుంచి నాలుగేళ్లు మేమిద్దరం ఒకే ట్రైనింగులో, ఒకే కంపెనీలో, పక్కపక్క మంచాల మీద ఉన్నాం. తొంభై ఎనిమిదిలో నా పెళ్లికి అతను సెలవు పెట్టుకుని వచ్చి వంటవాళ్లతో కలిసి కూరగాయలు తరిగాడు.

తొంభై తొమ్మిది, వేసవి

ఆ ఏడాది ఉత్తరాన సరిహద్దు కొండల మీద యుద్ధం వచ్చిన సంగతి అందరికీ తెలుసు. మా కంపెనీ కూడా అక్కడికి వెళ్లింది.

కోనసీమలో కొండ లేదు. మాకు ఎత్తంటే కొబ్బరిచెట్టు, లేదంటే గోదావరి గట్టు. లారీలోంచి మొదటిసారి ఆ శిఖరాలను చూసినప్పుడు నేను మబ్బులనుకున్నాను. సూరిబాబు కూడా అలాగే అనుకున్నాడు. చాలాసేపు చూశాక అవి కదలడం లేదని ఇద్దరికీ తెలిసింది.  మంచు తెల్లగా ఉంటుందనుకుంటారు. అది తెల్లవారుజామున నీలంగా ఉంటుంది, మధ్యాహ్నం కళ్లు తెరవనివ్వదు, సాయంత్రం అరటిపువ్వు రంగుకు తిరుగుతుంది. కింద మనుషులు చచ్చిపోతుంటే ఆ కొండలు అంత అందంగా ఎలా ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా పని పైనున్నవాళ్లకు నీళ్లూ తిండీ మోయడం. వరసగా ఎక్కేవాళ్లం. అలా ఎక్కేటప్పుడు కొండ కనిపించదు, ముందున్నవాడి వీపే కనిపిస్తుంది. గంటల తరబడి అదే. నా ముందు ఎప్పుడూ సూరిబాబు ఉండేవాడు.

జూన్‌లో ఒక రోజు, ఇంకా వెలుగు పూర్తిగా రాకముందు, పన్నెండుమందిమి నీళ్ల డబ్బాలు వీపులకు కట్టుకుని ఎక్కుతున్నాం. పైవాళ్లకు ముందురోజంతా నీళ్లు అందలేదు. ఫిరంగి గుండు ఒకటి మా కుడివైపు రాతి మీద పడింది. చప్పుడు నాకు గుర్తులేదు. దుమ్ము తగ్గాక చూస్తే నా ముందు ఉండాల్సిన వీపు లేదు.

అతను పక్కకు ఒరిగి, మొహం రాతికి ఆనించి పడి ఉన్నాడు. నడుములో ముక్క దిగింది. డబ్బాకు చిల్లుపడి నీళ్లు కారిపోతున్నాయి. నడుం దెబ్బ తగిలినవాణ్ణి వైద్యం చేసేవాళ్లు వచ్చేదాకా కదపకూడదని మాకు నేర్పారు. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఇటు తిప్పరా నాగేసూ" అన్నాడు.

వద్దురా, వస్తున్నారు, కాస్త ఓర్చుకో అన్నాను. మళ్లీ అదే మాట అన్నాడు. మూడోసారి అన్నప్పుడు ఇంక నేను ఆగలేకపోయాను. భుజాల కింద చేతులు వేసి తిప్పాను. ఎదురుగా లోయ, దాని అవతల శిఖరాల వరస. సరిగ్గా అప్పుడే వాటి మీద ఎండ పడింది. అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. అతను కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. కాసేపటికి నా చేతిలో ఉన్న చెయ్యి బరువెక్కింది.

తిప్పడం వల్లే పోయాడా? ఆ ప్రశ్న అక్కడే నా లోపల దిగబడింది. హవల్దారుకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. డబ్బాలు పైకి చేర్చాలి కాబట్టి మళ్లీ ఎక్కాను. చెబుదామనుకునేలోపు చెప్పే నోరే లేకుండా పోయింది.

జూలై

రెండు వారాలు గడిచాయి. మూడు రోజులుగా తలనొప్పి, కళ్ల వెనక ఎవరో బొటనవేళ్లతో నొక్కుతున్నట్టు. ఆ ఎత్తులో తలనొప్పి అందరికీ ఉంటుందని పట్టించుకోలేదు. నాలుగో రోజు ఉదయం బూటు తాడు కట్టుకుంటున్నాను. కుడిచెయ్యి ముడి వేయడం లేదు. ఎవరిదో చెయ్యి నా బూటు మీద పెట్టి ఉన్నట్టు అనిపించింది. పక్కవాణ్ణి పిలుద్దామని నోరు తెరిస్తే ఒక మూలుగు వచ్చింది. అతను నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

ఎత్తువల్ల, నీళ్లు సరిగ్గా తాగకపోవడం వల్ల రక్తం చిక్కబడి మెదడులో గడ్డకట్టిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. నెలరోజులు అందరికీ నీళ్లు మోసినవాణ్ణి, బరువు తగ్గుతుందని నా సీసా సగమే నింపుకునేవాణ్ణి. చదివేవాళ్లకు నేను చెప్పగలిగిన మొదటి జాగ్రత్త ఇదే. వరసగా మూడు రోజులు తల నొప్పి పెడితే ఓర్చుకోవడం గొప్ప కాదు, పక్కవాడికి చెప్పండి.

నలుగురు నన్ను స్ట్రెచర్ మీద కిందికి మోశారు. ఒకటిన్నర రోజు పట్టింది. వాళ్లలో ఒకడు, గఢ్వాల్ వైపు కుర్రాడు, తన చేతి తొడుగు తీసి స్పర్శ లేని నా కుడిచేతికి తొడిగాడు. అతని చెయ్యి ఏమైందో నేను తర్వాత తెలుసుకోలేకపోయాను. ఆ తర్వాత హెలికాప్టర్, ఒక ఆసుపత్రి, ఇంకో ఆసుపత్రి.

ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు ఇక్కడుంది. నేను ఆమెకు పూర్తి నిజం చెప్పలేదు. మొదటి వారం లోపల కూడా మాటలు లేవు. కిటికీ కనిపించేది, అది కిటికీ అని తెలిసేది, 'కిటికీ' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నా పేరు కూడా లేదు. భయం వేయాలి. కాని వేయలేదు. పెద్ద కొండ ఎదురుగా ఒక్కడే నిలబడితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో తల లోపల అంత నిశ్శబ్దం. మాటలు పోయినా నేను ఉన్నాను. చూస్తున్నాను, గుర్తుపడుతున్నాను, ఎవరైనా దుప్పటి కప్పితే నాకు సంతోషం కలుగుతోంది. మాటలు లేకుండా కూడా మనిషి పూర్తిగా ఉంటాడమ్మా. మీ నాన్నగారి మంచం దగ్గర కూర్చుని, ఆయనకు తెలియదనుకుని ఏది పడితే అది మాట్లాడకండి.

భయం తర్వాత వచ్చింది, మాటలు లోపల మెల్లగా తిరిగి చేరుతున్నప్పుడు. మా ఇంటి భాషలో చెప్పాలంటే మగ్గం మీద పడుగు ఉంది, అడ్డంగా నడవాల్సిన పేక నడవడం లేదు. లోపల 'నీళ్లు' అనుకుంటే నోరు ఇంకేదో అంటుంది. ఇలాగే ఉండిపోతానేమోనన్న భయం అప్పుడు పట్టుకుంది.

ఆగస్టు నుంచి డిసెంబరు

నన్ను దక్షిణాదికి, పెద్ద మిలిటరీ ఆసుపత్రికి మార్చాక మంగతాయారు, నాన్న వచ్చారు. ఆమె అప్పటికి రాజమండ్రి దాటి ఎరగదు. లోపలికి రోజుకు రెండు గంటలే వదిలేవారు. మిగతా పొద్దంతా వార్డు బయట బల్ల మీదే. ఆ బల్ల మీద బెంగాలు తల్లి, తమిళ అన్న, రాజస్థాన్ నుంచి వచ్చిన ముసలాయన కూర్చునేవారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. మంగతాయారు ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరి ఉండల డబ్బా మధ్యలో పెట్టిందట. ఆ మర్నాటి నుంచి ఎవరికి లోపలి నుంచి పిలుపు వస్తే వాళ్ల సామాను మిగతావాళ్లు చూసుకునేవారట. ఒకరోజు ముసలాయనను పిలిచి, చాలాసేపటికి బయటికి పంపారు. ఆయన వచ్చి బల్ల మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అందరూ ఆయన చుట్టూ అలాగే కూర్చున్నారు. ఆ రోజు డబ్బా ఎవరూ తెరవలేదని మంగతాయారు చెప్పింది.

నా మొదటి మాట ఆమెకే చెప్పాను. లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడి, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, మెల్లగా అడిగింది.

"నేనెవరో తెలుస్తందాండీ?"

"ఆయ్" అన్నాను.

మా వైపు అవునంటే అదే మాట. నేను అనాలనుకుని అనలేదు, అదే వచ్చేసింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కేరళ సిస్టరు పరుగెత్తుకు వచ్చి, అదేం మాటని అడిగింది. చెబితే ఆమె కూడా "ఆయ్" అని చూసింది. నాలుగు నెలలపాటు నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. అవునన్నా ఆయ్, కాదన్నా ఆయ్, ఆకలైనా ఆయ్. వార్డులో పంజాబీలూ మరాఠీలూ పొద్దున్నే నన్ను చూసి ఆయ్ అని పలకరించేవారు.

మాటలు నేర్పే మేడమ్ ఒకామె వచ్చేది. బొమ్మల అట్టలు చూపించి ఏది కావాలో వేలితో చూపించమనేది. గ్లాసు, దుప్పటి, అన్నం. నాకు కావలసింది ఆ అట్టల్లో లేదు. ఒకరోజు ఆమె పెన్సిలు ఎడమచేత్తో తీసుకుని అట్ట వెనక గీశాను. అంతకుముందు నేను బొమ్మలు వేసినవాణ్ణి కాదు. గీతలు వంకరగా, కోడి గీకినట్టు వచ్చాయి. మేడమ్ నవ్వి, కాగితాలు తెచ్చి ఇచ్చింది. రోజూ అదే గీసేవాణ్ణి, ఒకే బొమ్మ. ఎవరికీ అర్థం కాలేదు. పిచ్చి గీతలనుకున్నారు. నాన్న ఆ కాగితాలను మడిచి దిండు కింద పెట్టేవాడు.

మా పక్క మంచం మీద పంజాబీ నాయక్ ఒకాయన ఉండేవాడు. మోకాలి కింద కాలు తీసేశారు. చంకకర్రల మీద నడక నేర్చుకుంటూ ఒకరోజు నా మంచం దగ్గర ఆగాడు. కాగితం అందుకుని కాసేపు చూశాడు. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూశాడు. వచ్చి నా పక్కన కూర్చుని, గీతల్లో ఒక వంపు మీద వేలు పెట్టి, నా కాలు ఇక్కడుంది అన్నాడు హిందీలో. అది ఆ కొండే. మేం వేర్వేరు పటాలాల వాళ్లం, నెల తేడాలో అదే దారిన ఎక్కాం.  నడవగలిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ కాగితం చూశారు. నేను వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాను. నోటితో ఒక్క పేరు చెప్పలేనివాణ్ణి, ఒక కొండను చెప్పగలిగాను. 

రెండు వేలు, ఇల్లు

ఉద్యోగానికి పనికిరానని రాసి ఇంటికి పంపారు. ఇరవై అయిదేళ్లు నాకు. కుడికాలు ఈడుస్తూ నడక, కుడిచేత్తో గ్లాసు పట్టుకోవడం వరకూ వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లు నా ముందే నాన్నను అడిగేవారు, వీడికి తెలివి ఉందాండీ అని. ఉందని నాన్న ఒక్కడే చెప్పేవాడు, నేను ఆయ్ అనేవాణ్ణి.

మంగతాయారు మగ్గం ఎక్కింది. ఇంటిపనీ, మగ్గం, నేను. ఒక మధ్యాహ్నం కూరలో ఉప్పు చాలలేదని చెప్పబోయాను. నోటికి 'చెప్పు' వచ్చింది, 'తుప్పు' వచ్చింది, ఉప్పు రాలేదు. కంచం విసిరేశాను. ఆమె గోడ మీద పడిన మెతుకులు తుడిచి, మగ్గంలోకి దిగి కూర్చుని, మగ్గం కదపకుండా అలా ఉండిపోయింది. సాయంత్రం నాన్నతో అంటుంటే విన్నాను. "నేను కూడా మనిషినే కదండీ మావయ్యగారూ."  మర్నాడు ఆమె బొగ్గుతో గోడ మీద పాతిక మాటలు రాసింది. ఉప్పు, నీళ్లు, నొప్పి, విసుగు, వెళ్లు, రా. నేను కర్రతో చూపించేవాణ్ణి. 'విసుగు' దగ్గర గోడ త్వరగా అరిగింది.

బొమ్మలు ఆపలేదు. చీరల అట్టపెట్టెలు విప్పి వాటి మీద వేసేవాణ్ణి. ఆ ఏడాది ఆఖరులో ఒక ఉదయం బొమ్మ వేస్తూ వేస్తూ పడిపోయాను. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయట, నాకు తెలియదు. తెలివి వచ్చేసరికి అమలాపురంలో డాక్టరుగారి గది బయట చాప మీద ఉన్నాను. జనం కిటకిటలాడుతున్నారు. ఎవరో ముక్తేశ్వరం ఆవిడ తన మనవడి కోసం తెచ్చిన కొబ్బరి బొండాం నా నోటికి అందించి, తన టోకెను మంగతాయారు చేతిలో పెట్టింది. ముందు మీరు వెళ్లండమ్మా అంది. ఆవిడ పేరు కూడా మాకు తెలియదు.

ఆ కొండల బొమ్మలే వీడి ప్రాణం తీస్తున్నాయని నాన్న డాక్టరుతో గట్టిగా చెప్పాడు. అప్పటికే పెన్సిళ్లన్నీ దాచేశాడు. డాక్టరుగారు బొమ్మల గురించి కాదు, మాత్రల గురించి అడిగారు. మంగతాయారు తల వంచుకుంది. బాగానే ఉన్నానని నేను వారం నుంచి మాత్రలు మింగడం లేదు, ఆమెకు తెలియకుండా పెరట్లో పారేశాను. ఇది నా రెండో జాగ్రత్త. బాగుందని మాత్రలు మానకండి. మాత్రలు వేస్తే బొమ్మలు వేసుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు.

నాన్న పెన్సిళ్లు తెచ్చి ఇచ్చాడు గాని ఇష్టంగా ఇవ్వలేదు. కొన్నాళ్లకు నా వెనక నిలబడి, మంచుకి నీలం ఎందుకు వేశావురా అని అడిగాడు. చెప్పడానికి నాకు మాటలు చాలవు. తెల్లచీర ఒకటి తెచ్చి దండెం మీద వేసి, ఎండ వెనక్కి వెళ్లేదాకా ఆయన్ను అక్కడే కూర్చోబెట్టాను. మడతల్లోకి నీడ దిగింది. నాన్న చాలాసేపు చూశాడు. "నలభయ్యేళ్లు చీరలు నేసేను, ఇది చూడలేదురా" అన్నాడు. తర్వాత రెండు రోజులు అద్దకం కుండ దగ్గరే ఉండి, నూలు ముక్కలకు నీలాలు అద్ది, ఒక్కొక్కటీ నాకు చూపించాడు. పదకొండో ముక్క దగ్గర నేను ఆయ్ అన్నాను. అదే ఆ తెల్లవారుజాము నీలం. నాన్న ఆ ముక్కను గోడకు అంటించి పెట్టాడు.

రెండు వేల ఒకటి నుంచి

మాటలు వచ్చాయి. ఒక్కసారిగా కాదు, వాన వెలిశాక చూరు నుంచి చుక్కలు రాలినట్టు. మొదట తిట్లు వచ్చాయి, అందుకు మంగతాయారు సంతోషించింది. తర్వాత అంకెలు, మనుషుల పేర్లు, ఆఖరున చిన్న చిన్న వాక్యాలు.

సూరిబాబు పేరు మాత్రం నేను పలకలేదు. వీర్రాజుగారికి రాత రాదు. ఎవరిచేతనో రాయించి ఉత్తరాలు వేసేవారు. నాగేశ్వర్రావుగారికి మాట వచ్చిందా, మావాడు ఎలా పోయాడో ఆయనకే తెలుసంటున్నారు, అని. ఉత్తరం వచ్చినప్పుడల్లా నేను పెరట్లోకి వెళ్లిపోయేవాణ్ణి. ఇంకా సరిగ్గా రాలేదండీ అని మంగతాయారు జవాబు రాసేది. రెండేళ్లపాటు అది నిజం. ఆ తర్వాత నిజం కాదు.

ఆ పంజాబీ నాయక్ ఆసుపత్రి నుంచి వెళ్తూ నా బొమ్మలు కొన్ని తీసుకెళ్లాడు. అవి చేతులు మారి మా మేజరుగారి దాకా వెళ్లాయి. ఆయన మా ఊరు వచ్చారు. పటాలం హాల్లో పెట్టడానికి మేం ఆ కొండ ఎక్కుతున్న బొమ్మ పెద్దది వేసిపెట్టమన్నారు. గోడంత గుడ్డ కావాలి. బజారు గుడ్డ నాన్నకు నచ్చలేదు. మంగతాయారు లావు నూలుతో మూడు పట్టీలు నేసింది, అవి కలిపి కుట్టి చట్రానికి బిగించాం. ఎడమచేత్తో, నిచ్చెన మెట్టు మీద కూర్చుని, పద్నాలుగు నెలలు వేశాను.

ఆ బొమ్మలో తుపాకి పేలడం లేదు, జెండా లేదు. నీలం కొండ, దాని మీద నాతో కలిపి పన్నెండుమంది వీపులు. ఒక్క మొహం కూడా లేదు. నేను చూసింది అదే. పదకొండు వీపులు వేశాక వరస మధ్యలో, నా ముందున్నవాడి చోటు చాలా వారాలు ఖాళీగా ఉండిపోయింది. ఆ చోటు దగ్గరికి వెళ్తే చెయ్యి ఆగిపోయేది. మంగతాయారు చూసింది గాని అడగలేదు. ఒక ఉదయం ఆమె మగ్గం చప్పుడు వింటూ, ఎవరి గురించీ ఆలోచించకుండా, ఆ పన్నెండోది కూడా వేసేశాను.

రెండు వేల మూడు శీతాకాలంలో, బొమ్మను తీసుకెళ్లడానికి లారీ రావడానికి రెండు రోజుల ముందు, దాన్ని వీధిలో పడుగు సాగదీసే చోట వాసాలకు కట్టి ఆరబెట్టాం. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి వెళ్తున్నారు, కబురు చుట్టుపక్కల పల్లెలకు కూడా పాకింది. పదకొండు గంటల వేళ ఒక పెద్దాయన సైకిలు మీద వచ్చారు. సన్నటి మనిషి, కాళ్ల మీద చెట్లు గీరుకున్న మచ్చలు. ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పులు విడిచి గుడ్డ ముందుకు వెళ్లి, కింద నుంచి ఒక్కొక్క వీపునూ చూస్తూ నడిచారు. ఏడో వీపు దగ్గర ఆగిపోయారు.

"ఈడేనండీ మావోడు" అన్నారు.

 ఎలా తెలిసిందని అడిగాను. మాట రెండుసార్లు తప్పి మూడోసారి వచ్చింది.

"ఎక్కేటప్పుడు ఎడంకాలి మడం బయటికి తిప్పుతాడండీ. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పేనో, మానలేదు" అన్నారు వీర్రాజుగారు.

నేను అది కావాలని వేయలేదు. అలా తిప్పుతాడని నాకే తెలియదు. వారాల తరబడి ఆ వీపు వెనక నడిచిన కళ్లు దాచుకున్నదాన్ని ఎడమచెయ్యి వేసింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. ఇప్పటికీ ఆశ్చర్యపోవడం ఒక్కటే చేయగలను.

ఇంక తప్పించుకోలేదు. అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. అరగంట పట్టింది. మాట రానిచోట ఆయన కదలకుండా ఆగి ఉన్నారు. శత్రువుతో పోరాడుతూ కాదు, నీళ్లు మోస్తూ పోయాడని చెప్పాను. పైవాళ్లకు అంతకుముందు రోజు నీళ్లు లేవని చెప్పాను. రాయి వైపు పడ్డాడని, తిప్పమన్నాడని, తిప్పకూడదని తెలిసి కూడా తిప్పానని చెప్పాను. "నేను తిప్పకుండా ఉంటే బతికేవాడేమో బాబాయిగారూ" అన్నాను. నాలుగేళ్లుగా లోపల ఉన్న వాక్యం అది. ఒక్క మాట కూడా తప్పకుండా వచ్చింది.

మంగతాయారు గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెకు కూడా అదే మొదటిసారి వినడం.

వీర్రాజుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. 

"తిప్పేక ఏం చూసేడండీ?" అని అడిగారు.

లేచి, బొమ్మలో ఎడమ పక్కన, లోయ అవతల ఎండ పడిన శిఖరాలను చూపించాను.

"మీరు తిప్పకపోతే రాయి చూస్తా పోయేవోడు కదండీ" అన్నారాయన.

మంగతాయారు లోపలికి వెళ్లి విస్తరి వేసింది. 

మా ఇంట్లోనే అన్నం తిన్నారు. నాన్న పక్కన కూర్చుని వడ్డించాడు. ఎండ తగ్గాక వెళ్తానని లేచి, మళ్లీ ఆ గుడ్డ ముందు నిలబడ్డారు. ఆ కొండ ఎన్ని చెట్ల ఎత్తు ఉంటుందండీ అని అడిగారు. అంకెలు నాకు ఇప్పటికీ కష్టమే. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఒకదాని మీద ఒకటి నిలబెడితే రెండు వందల యాభై కొబ్బరిచెట్లు ఉంటాయండీ అన్నాను.

ఆయన చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. చెట్టు ఎక్కబోయే ముందు చిటారున మొవ్వు దాకా చూసే మనిషి చూపుతో, కింద మడమ తిరిగిన చోటు నుంచి మెల్లగా తల ఎత్తుతూ, గుడ్డ పై అంచు దాకా చూశారు. అక్కడితో ఆగలేదు. వాసాలు దాటి, ఆ పైన ఆకాశంలోకి ఇంకా పైకి చూస్తూ నిలబడిపోయారు.